మా టీమ్ ఊరొదిలి వెళ్లిపోయింది, ఇక క్రికెట్ చూడనా?

ప్రశ్న: అన్నా, నాకు 36 ఏళ్లు, గచ్చిబౌలిలో ఉద్యోగం. మా నాన్న రైల్వేలో పనిచేసేవారు. ఆదివారం వస్తే చాలు, నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని సికింద్రాబాద్‌లో ఎక్కడ ఫుట్‌బాల్ ఆడుతుంటే అక్కడికి తీసుకెళ్లేవారు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చాక ఆఫీసు నుంచి నడిచి వెళ్లి మ్యాచ్ చూసేవాణ్ణి. 2025 అక్టోబర్‌లో ఆ టీమ్ ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు కూడా మారిపోయింది. అప్పటి నుంచి ఏ ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టినా పది నిమిషాలకు మించి చూడలేకపోతున్నాను. అర్ధరాత్రి లేచి యూరప్ మ్యాచ్‌లు చూడటం కూడా మానేశాను. ఇంట్లో మా ఆవిడకీ, తొమ్మిదేళ్ల బాబుకీ క్రికెట్ అంటే ప్రాణం. ఉప్పల్ తీసుకెళ్లమని వాడు రోజూ అడుగుతున్నాడు. నాకేమో క్రికెట్ ఎప్పుడూ ఎక్కలేదు, బంతికీ బంతికీ మధ్య అంత ఖాళీ ఎందుకో అర్థం కాదు. ఇప్పుడు పట్టుబట్టి అలవాటు చేసుకుంటే అది ఫుట్‌బాల్ స్థానంలోకి వస్తుందా? వస్తే మా నాన్నకు ద్రోహం చేసినట్టా? ఇంకో సంగతి, బీరువాలో పసుపు జెర్సీ ఉంది. దాన్ని ఏం చేయాలో కూడా తెలియడం లేదు.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు ఇది క్రికెట్ గురించిన ప్రశ్న అనుకున్నాను. రెండోసారి చదివితే అసలు బాధ క్రికెట్‌ది కాదనిపించింది. నువ్వు పోగొట్టుకున్నది ఆఫీసు నుంచి నడిచి వెళ్లే ఆ దారి, గేటు దగ్గర పలకరించే మనుషులు, ప్రతిసారీ కూర్చునే ఆ వరస. ఆట ఎక్కడికీ పోలేదు. కానీ మనం వెళ్లే చోటు పోతే ఆట కూడా పోయినట్టే ఉంటుంది, అందుకే టీవీలో ఎంత మంచి మ్యాచ్ వచ్చినా నీకు మనసు పట్టడం లేదు. ఇది కొన్నాళ్లు ఉంటుంది. ఇంట్లో ఒక మనిషి లేకుండా పోయాక టిఫిన్ కూడా రుచించనట్టు ఉంటుంది, అంతే. నువ్వు ఆటను ప్రేమించడం మానేశావని దాని అర్థం కాదు.

అందుకే ముందు ఒక మాట సూటిగా చెప్పేస్తాను. ఢిల్లీకి వెళ్లిపోయిన టీమ్ మీద కోపంతో క్రికెట్ చూడటం మొదలుపెట్టకు. అలా మొదలుపెడితే ప్రతి ఓవర్‌నూ ఫుట్‌బాల్‌తో పోలుస్తూ కూర్చుంటావు, పోల్చిన ప్రతిసారీ క్రికెట్ ఓడిపోతుంది, మూడు మ్యాచ్‌లయ్యాక రెండు ఆటలూ చూడని మనిషివి అవుతావు. ఇలా అయినవాళ్లను నేను చూశాను.

ఇంకో భ్రమ కూడా తీసేద్దాం. క్రికెట్ టీమ్ అయితే ఊరొదిలి పోదు, అది గట్టిగా ఉంటుంది అని నీ మనసులో ఏ మూలో ఉందేమో. డెక్కన్ ఛార్జర్స్ గుర్తున్నారా? గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో 2009లో ఐపీఎల్ కప్పు కొట్టిన టీమ్ అది. 2012లో లేకుండా పోయింది. తర్వాత సన్‌రైజర్స్ వచ్చారు, 2016లో కప్పు గెలిచారు, ఇప్పుడు నీ కొడుక్కి ఆ నారింజ రంగు తప్ప ఇంకోటి తెలియదు. ఇది ఆలోచిస్తుంటే నాకు ఎప్పుడూ ఒక విషయం తడుతుంది. ఛార్జర్స్ 2009 ఫైనల్ గెలిచింది దక్షిణాఫ్రికాలో, జొహానెస్‌బర్గ్‌లో. సన్‌రైజర్స్ 2016 ఫైనల్ బెంగళూరులో. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ కప్పు ఎత్తింది గోవాలోని ఫతోర్డాలో. మూడు కప్పులు, మూడూ బయటే. మన ఊరివాళ్లలో ఎక్కువమంది మూడింటినీ టీవీలోనే చూశారు. అంటే ఈ ఊరి అభిమానికి ఏ ఆటలోనైనా దూరం కొత్త కాదు.

ఫతోర్డా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, నువ్వు ఆ రాత్రి ఎక్కడ ఉండి చూశావో నాకు తెలియదు గానీ నేను మాత్రం మర్చిపోలేను. గ్యాలరీ అంతా కేరళవాళ్ల పసుపు. కానీ ఆ రోజు మనది హోమ్ టీమ్ లెక్క కాబట్టి మైదానంలో పసుపు వేసుకున్నది మనవాళ్లు, కేరళ బ్లాస్టర్స్ వేరే రంగులో దిగారు. వాళ్లే ముందు గోల్ కొట్టారు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన షాట్‌తో 1-1 అయింది. ఆ తర్వాత పెనాల్టీలలో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. అంతకు రెండేళ్ల ముందు, తొలి సీజన్‌లో, అదే టీమ్ పట్టికలో అట్టడుగున ఉంది! ఇంత చూసినవాడివి, ఇది ఢిల్లీకి వెళ్లినంత మాత్రాన చెరిగిపోతుందా చెప్పు.

ఇప్పుడు క్రికెట్ సంగతికి వద్దాం. బంతికీ బంతికీ మధ్య అంత ఖాళీ ఎందుకు అన్నావు. ఫుట్‌బాల్ చూసి పెరిగిన ప్రతివాడికీ వచ్చే సందేహమే ఇది. నువ్వు ఆ ఖాళీని ఆట ఆగిపోవడం అనుకుంటున్నావు, అక్కడే తేడా వస్తోంది. ఫుట్‌బాల్‌లో నువ్వు చూసేదేమిటి? బంతి ఉన్నచోటు ఒక్కటే కాదు కదా. బంతి లేని చోట వింగర్ ఎటు పరుగెడుతున్నాడు, వెనక నలుగురి వరస ఎంత ముందుకు జరిగింది, మధ్యలో ఎక్కడ సందు దొరుకుతోంది, ఇవన్నీ చూస్తావు. అలవాటైన కన్ను కాబట్టి చూస్తున్నానని కూడా నీకు తెలియదు. క్రికెట్‌లో ఆ పని సరిగ్గా ఆ ఖాళీలోనే జరుగుతుంది. బౌలర్ వెనక్కి నడుస్తుంటే మిడాఫ్‌లో ఉన్నవాడు నాలుగడుగులు ముందుకొస్తాడు, డీప్ స్క్వేర్ లెగ్‌లో ఉన్నవాణ్ణి కాస్త వెనక్కి జరగమని కీపర్ చేత్తో చెబుతాడు, బ్యాటర్ ఆ సందులన్నీ ఒకసారి చుట్టూ తిరిగి చూసుకుంటాడు. అందరూ ఒక ఉచ్చు పన్నుతున్నారు. ప్రెసింగ్ చేసే టీమ్, అంటే బంతి కోసం ఎదుటివాళ్ల వెంటపడే టీమ్, కావాలనే ఒక పక్క వదిలేసి బంతి అటు రాగానే ముగ్గురు మీద పడతారే, అచ్చం అలాంటిదే. ఫుట్‌బాల్‌లో పరుగెడుతూ చేసేది ఇక్కడ నిలబడి చేస్తారు. నీకు ఇప్పటికే ఆ కన్ను ఉంది, దాన్ని ఖాళీ వైపు తిప్పడమే నువ్వు చేయాల్సింది.

టీవీలో ఇది కనిపించదు. ఆ ఖాళీలో టీవీవాళ్లు రీప్లే వేస్తారు, లేదంటే గ్యాలరీలో ఎవరి మొహమో చూపిస్తారు, ఓవర్ అయిపోతే ప్రకటన. ఫీల్డ్ మొత్తం ఒకేసారి కంటి ముందుండాలంటే స్టేడియంలోనే కూర్చోవాలి. కాబట్టి ఇంట్లో సోఫాలో కూర్చుని క్రికెట్ నచ్చలేదన్న నీ మాటను నేను పూర్తిగా లెక్కలోకి తీసుకోను.

2024 జనవరిలో ఇంగ్లండ్‌తో ఉప్పల్‌లో టెస్టు జరిగింది. నాలుగో రోజు ఆదివారం, నేను వెళ్లాను. మనకు తొలి ఇన్నింగ్స్‌లో 190 పరుగుల ఆధిక్యం, అందరూ గెలిచేశాం అన్న లెక్కలోనే వచ్చి కూర్చున్నారు. ఇంగ్లండ్ బ్యాటర్ ఓలీ పోప్ మాత్రం కదలడం లేదు. రివర్స్ స్వీప్ ఆడతాడు, అటు ఫీల్డర్‌ను పంపితే మామూలు స్వీప్ ఆడతాడు, మళ్లీ ఇటు పంపితే అటు. నా పక్కన ఒక పెద్దాయన, స్టీలు డబ్బాలో పులిహోర తెచ్చుకున్నారు, మొదట్లో తింటూ మాట్లాడుతున్నవారు కాసేపటికి మూత పెట్టేసి చేతులు కట్టుకుని కూర్చున్నారు. పోప్ 196 కొట్టి వెళ్లాడు. మనం గెలవాలంటే 231. అంతే కదా అనుకున్నాం. ఆడుతున్నది తొలి టెస్టు, టామ్ హార్ట్‌లీ అనే ఆ పొడుగాటి కుర్రాడు ఒక్కొక్కరినీ తీసేస్తున్నాడు. చివరి జోడీ బుమ్రా, సిరాజ్. ఒక్కో పరుగుకూ గోల్ కొట్టినంత అరుపు. ఆఖరికి సిరాజ్ ముందుకొచ్చి ఆడబోయి స్టంపౌట్, 28 పరుగులతో ఓడిపోయాం, హార్ట్‌లీకి ఏడు వికెట్లు. ఆ పెద్దాయన డబ్బా సంచిలో పెట్టుకుని, “ఇంకో అరగంట నిలబడుంటే రేపు మళ్లీ వచ్చేవాళ్లం” అన్నారు. ఓడినందుకు కాదు, రేపటి రోజు లేకుండా పోయినందుకు ఆయన బాధ. నీకు క్రికెట్ పట్టేదంటే ఇక్కడే పడుతుందని నా నమ్మకం.

ఫుట్‌బాల్ మనిషికి టీ20 దగ్గరి చుట్టం, టెస్టు దూరపు చుట్టం అని చాలామంది చెబుతారు, మూడు గంటల్లో అయిపోతుంది కాబట్టి. నేను దానికి పూర్తిగా ఎదురు చెబుతాను. ఫుట్‌బాల్‌లో గొప్పతనం గోల్ అరుదుగా రావడంలో ఉంది. ఎనభై నిమిషాలు ఏమీ జరగకుండా బిగిసి బిగిసి ఒక్కసారి తెగుతుంది. టీ20లో ఆ బిగింపు ఉండదు, వరసపెట్టి సిక్సర్లు వస్తాయి. 2024 మార్చిలో ఉప్పల్‌లోనే సన్‌రైజర్స్ ముంబై మీద 277 కొట్టారు, మరుసటి ఏడాది అక్కడే రాజస్థాన్ మీద 286. చూడ్డానికి పండగే, కాదనను. కానీ 1-0 మ్యాచ్‌కు అలవాటు పడిన ప్రాణానికి అది పెళ్లి భోజనంలో అన్నీ తీపి వంటకాలే వడ్డించినట్టు ఉంటుంది. టెస్టులో ఆఖరి రోజు, మూడు వికెట్లు మిగిలున్నప్పుడు, ఇరవై ఓవర్లు నిలబడి డ్రా చేసుకోవాలని చూసే జట్టును చూడు, ఆఖరి పది నిమిషాలు పదిమందితో గోల్ ముందు గోడ కట్టిన టీమ్ కనిపిస్తుంది నీకు. డ్రా కూడా గెలుపులా అనిపించే ఆటలు చాలా తక్కువ, ఈ రెండూ అందులో ఉన్నాయి.

ఉప్పల్‌లో టెస్టు ఎప్పుడో గానీ రాదు. దేశవాళీ రంజీ మ్యాచ్‌లు ఉంటాయి, వాటికి సాధారణంగా టికెట్ ఉండదు, జనం కూడా ఉండరు. ఒక శనివారం పొద్దున వెళ్లి రెండు గంటలు కూర్చుని చూడు. ఏదైనా అర్థమవుతుందేమో చూద్దాం అన్న పట్టుదల పెట్టుకోకు. ఒక బౌలర్‌ను పట్టుకో, వాడు వేసే ఆరు బంతుల్లో ఏది తేడాగా వేశాడో అదొక్కటి చూడు. చాలు.

నీకు ఒక మనిషిని కూడా చూపిస్తాను. టోలీచౌకీ కుర్రాడు, ఆటో నడిపిన తండ్రి కొడుకు, మహమ్మద్ సిరాజ్. వికెట్ తీస్తే రొనాల్డోలా గాల్లోకి ఎగిరి తిరిగి దిగుతాడు, చూసే ఉంటావు. 2025 ఆగస్టులో లండన్‌లో ఇంగ్లండ్‌తో ఓవల్ టెస్టు నాలుగో రోజు, హ్యారీ బ్రూక్ 19 పరుగుల మీద ఉన్నప్పుడు సిరాజ్ బౌండరీ దగ్గర క్యాచ్ పట్టాడు, కానీ కాలు వెనక తాడు మీద పడింది. అవుట్ కావాల్సింది సిక్స్ అయింది. బ్రూక్ సెంచరీ కొట్టాడు. గోల్‌కీపర్ చేతిలోంచి బంతి జారి గోల్‌లోకి వెళితే ఆ రాత్రి వాడికి ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా, సిరాజ్‌కు ఆ రాత్రి అలా గడిచి ఉంటుంది. మర్నాడు ఇంగ్లండ్‌కు కావాల్సింది 35 పరుగులు, చేతిలో నాలుగు వికెట్లు. పొద్దున్నే లేచి ‘నమ్ము’ అని రాసి ఉన్న రొనాల్డో బొమ్మను ఫోన్‌లో పెట్టుకున్నానని ఆ తర్వాత తనే చెప్పాడు. ఆ నాలుగు వికెట్లలో మూడు తనే తీశాడు. ఇంగ్లండ్‌వాళ్లలో ఒకడు విరిగినంత పనైన భుజాన్ని స్వెటర్ కింద కట్టుకుని ఒంటి చేత్తో బ్యాట్ పట్టుకుని దిగాడు, ఆయన వోక్స్. చివరికి అట్కిన్సన్ ఆఫ్ స్టంప్ ఎగిరింది. ఆరు పరుగులతో గెలిచాం, సిరీస్ 2-2. హైదరాబాదీ బౌలర్, లండన్ మైదానం, ఫోన్‌లో పోర్చుగల్ ఫుట్‌బాలర్. ఆ ఆఖరి రోజు పూర్తి వీడియో దొరికితే మీ బాబుతో కలిసి చూడు. వాడికి ఎలాగూ అన్నీ తెలిసే ఉంటాయి, నీకు చెప్పే అవకాశం వాడికివ్వు.

నాన్నకు ద్రోహమా అన్నావు. కాదు తమ్ముడూ, అస్సలు కాదు. మీ నాన్న నిన్ను సైకిల్ మీద తీసుకెళ్లిన రోజుల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనేది లేనే లేదు. ఆయన నీకిచ్చింది ఒక క్లబ్ కాదు, ఆదివారాలు. ఆయన తరం సంగతి వేరు, వాళ్లకు పెద్దవాళ్లు చెప్పిన కథలన్నీ ఫుట్‌బాల్‌వే. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ తెచ్చింది. అదే రహీమ్ సాబ్ కోచ్‌గా ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది, 1962లో జకార్తాలో, లక్ష మంది ఎదురుగా అరుస్తుంటే, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారం తెచ్చింది. అప్పటికే ఆయనకు క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, హబీబ్, నయీముద్దీన్ అందరూ ఇక్కడి మట్టి మీద ఆడినవాళ్లే, ఒక్కొక్కరుగా కలకత్తా క్లబ్బులకు వెళ్లిపోయారు. అప్పుడు కూడా ఊరు వాళ్లను పోగొట్టుకుంది. అయినా మీ నాన్న ఆదివారం గ్రౌండ్‌కు వెళ్లడం మానలేదు కదా. కొడుకును వెంటేసుకుని ఆటకు వెళ్లడం ఆయన పద్ధతి, నువ్వు ఉప్పల్‌కు మీ బాబును తీసుకెళితే ఆ పద్ధతినే నిలబెట్టినట్టు.

కాబట్టి తీసుకెళ్లు, ఆలస్యం చేయకు. తొమ్మిదేళ్ల వయసు మళ్లీ రాదు, పదిహేను వచ్చాక నిన్ను కాదు, స్నేహితులను తీసుకెళతాడు. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే మారే పని లేకుండా స్టేడియం స్టేషన్‌లో దిగొచ్చు. దొరికితే సైట్‌స్క్రీన్ పక్క స్టాండ్‌లో టికెట్లు తీసుకో, బౌలర్ వెనక నుంచి చూస్తే బంతి ఎటు తిరుగుతోందో తెలుస్తుంది, పక్క నుంచి చూస్తే ఎంత దూరం వెళ్లిందో మాత్రమే తెలుస్తుంది. ఐపీఎల్ రోజు డీజే మోతకు చెవులు పగిలిపోతాయి, ఆ చప్పుడు నాకు నచ్చదు. జనం తమంతట తాము అరిచే అరుపే వేరు. కానీ ఆ రోజు బాబుది, వాడు ఏది చూడమంటే అది చూడు. మీ ఆవిణ్ణి కూడా రమ్మను. మ్యాచ్ మధ్యలో ‘ఇప్పుడు ఫుట్‌బాల్‌లో అయితే’ అనే మాట మాత్రం నోట్లోంచి రానివ్వకు.

స్థానంలోకి వస్తుందా అన్న నీ అసలు ప్రశ్నకు నా జవాబు, రాదు. రావాల్సిన అవసరం కూడా లేదు. క్రికెట్ వేరే గది, దానికి వేరే తలుపు. బిగపట్టిన గుండెతో తొంభై నిమిషాలు కూర్చోవడం ఒకటి, రోజంతా మాట్లాడుకుంటూ, తింటూ, మధ్యలో ఒక్కసారి ఊపిరి ఆగిపోవడం ఇంకొకటి. రెండో దానికి నీ ఇంట్లో ఇప్పటికే ఇద్దరు తోడున్నారు, ఫుట్‌బాల్ చూసినన్నాళ్లూ నీకు ఇంట్లో ఆ తోడు లేదు. ఆ మాట నువ్వు రాయలేదు గానీ నాకు అర్థమైంది. ఏడాది తర్వాత నీకు క్రికెట్టే ఎక్కువ ఇష్టమైతే కానివ్వు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కానీ ఫుట్‌బాల్ తలుపు మూయకు, ఎందుకంటే ఊళ్లో ఆట ఉంది. అజీజ్‌నగర్ వైపు శ్రీనిధి డెక్కన్ ఎఫ్‌సీ ఉంది, 2022-23లోనూ 2023-24లోనూ ఐఎస్‌ఎల్ కింది మెట్టు అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన జట్టు. 2024 డిసెంబర్ 31 రాత్రి, ఊరంతా కొత్త సంవత్సరం హడావుడిలో ఉంటే, నువ్వు నడిచి వెళ్లే ఆ గచ్చిబౌలి స్టేడియంలోనే రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది, బెంగాల్ కేరళను 1-0తో ఓడించింది. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఇండియా జట్టుకు ఆడుతోంది. ఇవన్నీ పెద్ద పెద్ద బ్యానర్లు లేని ఆట. మీ నాన్న చూపించిన ఆటకు కూడా బ్యానర్లు లేవు.

ఇక జెర్సీ. ఎవరికీ ఇవ్వకు, ఇల్లు తుడవడానికి అసలే వాడకు. ఉతికి ఇస్త్రీ చేసి పైన తగిలించు. ఉప్పల్‌కు వేసుకెళ్లకు, అక్కడ బాబు కొనమనే నారింజ చొక్కా వేసుకో. ఏదో ఒక ఆదివారం పొద్దున సికింద్రాబాద్‌లో లీగ్ మ్యాచ్ జరుగుతుంటే ఈ పసుపుది వేసుకుని బాబుతో వెళ్లు. దాన్ని గుర్తుపట్టి ‘నువ్వు గచ్చిబౌలికి వచ్చేవాడివి కదా’ అని అడిగేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ల పక్కన కూర్చోండి.